చేతికి డబ్బు, కంటికి లెక్క

వేసవికి కాలువల నీరు కట్టేసే రోజులు దగ్గరపడ్డాయి. పరీక్షలు ముగిసి పిల్లలు ఇంటిపట్టున ఉండే కాలం కూడా ఇదే. అందువల్లనో ఏమో, ఈ నెల మా శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పిల్లల చేతి ఖర్చుల గురించే ఉన్నాయి. వాటిలో అయిదింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాను. ఉత్తరాలను కుదించాను, రాసినవారి పేర్లు తీసివేశాను.

ప్రశ్న: మాది రాజోలు ప్రాంతంలో ఒక పల్లె. మా అమ్మాయి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి ఆరేళ్లయింది. మనవడికి పదహారేళ్లు, నా దగ్గరే ఉండి అమలాపురంలో ఇంటర్ చదువుతున్నాడు. అమ్మాయి పంపే డబ్బు నా ఖాతాలో పడుతుంది. ఫోనులో డబ్బు పంపడం నాకు చేతకాదు కనుక పిన్ను నంబరు వాడికే తెలుసు. కరెంటు బిల్లు, కిరాణా, నా మందులు అన్నీ వాడే కడతాడు. మొన్న పాసుపుస్తకం ప్రింటు వేయించి పక్కింటి మాస్టారి చేత చదివించుకుంటే, మూడు నెలల్లో పద్దెనిమిది వేల రూపాయలు నాకు తెలియని ఖర్చు తేలింది. అడిగితే, "ఫ్రెండ్స్‌తో తిన్నాం, బూట్లు కొనుక్కున్నాను, అయినా అది మా అమ్మ డబ్బేగా" అన్నాడు. ఈ సంగతి వాళ్లమ్మకు చెప్పాలా, వద్దా?
— ఒక అమ్మమ్మ

జవాబు: అమ్మా, మీ మనవడు దొంగతనం చేశాడని మీరు ఎక్కడా రాయలేదు, అది మీ పెద్దరికం. నా దృష్టిలో కూడా అది దొంగతనం కాదు. పదహారేళ్ల కుర్రవాడిని ఇంటికి కోశాధికారిని చేసి, మూడు నెలలపాటు ఒక్కసారి కూడా లెక్క అడగకపోతే, ఏది ఇంటి డబ్బో ఏది తన డబ్బో వాడికి తెలియకుండా పోతుంది. అలాగని వాడి తప్పు లేదని నేను అనను. "మా అమ్మ డబ్బేగా" అన్న మాటను మాత్రం ఊరికే వదిలిపెట్టకండి.

వాళ్లమ్మకు చెప్పవలసిందే. అయితే చెప్పవలసింది మీరు కాదు, వాడు. వచ్చే శుక్రవారం, ఆమెకు కాస్త తీరిక దొరికే సమయంలో ఫోను కలిపి, పాసుపుస్తకం ముందు పెట్టుకుని, ఏ రోజు ఎంత, దేనికి అన్నది వాడి నోటితోనే చెప్పించండి. ఆ తరువాత అమ్మను రెండు మూడు ప్రశ్నలు వాడినే అడగమనండి: రోజుకు ఎన్ని గంటలు పని చేస్తున్నావు, అక్కడ నీ ఖర్చు ఎంత, వెళ్లేటప్పుడు ఏజెంటుకు కట్టడానికి చేసిన అప్పు ఎన్ని నెలలకు తీరింది? ఆమె ఒక రోజు జీతం ఎంతో తేలాక, ఆ బూట్లు ఎన్ని రోజుల పనో వాడే కాగితం మీద భాగించి చూసుకుంటాడు. ఈ పని ఒక్కసారే చేయాలి. రోజూ అన్నం ముందు కూర్చోబెట్టి "మీ అమ్మ అక్కడ అంట్లు తోముతుంటే" అని మొదలుపెడితే, పిల్లవాడికి సిగ్గు మిగులుతుంది గాని లెక్క రాదు. కొన్నాళ్లకు ఆ సిగ్గు కూడా పోయి మొండితనం వస్తుంది.

తరువాత చేయవలసినవి బ్యాంకు పనులు. మీ ఖాతా పిన్ను మార్పించండి, మార్పించినట్టు వాడికి చెప్పే మార్పించండి. చాటుగా చేస్తే అది శిక్షలా కనిపిస్తుంది. వాడి పేరున వేరే పొదుపు ఖాతా తెరిపించండి. పదేళ్లు నిండిన పిల్లలు తమ ఖాతాను తామే నడుపుకోవడానికి రిజర్వు బ్యాంకు 2014 నుంచే వీలు కల్పించింది, 2025లో ఆ నిబంధనలను మరింత స్పష్టం చేసింది. ఏటీఎం కార్డు ఇవ్వాలా, ఫోను చెల్లింపులకు అనుమతించాలా, ఎంత పరిమితి పెట్టాలి అన్నది ఆయా బ్యాంకుల ఇష్టం కనుక శాఖలో అడిగి తెలుసుకోవాలి. మైనరు ఖాతాలో ఉన్నంతే తీయవచ్చు, అంతకు మించి తీయడానికి వీలుండదు. మీకు కావలసింది కూడా అదే. పెద్దవారి ఖాతా నుంచే పిల్లలు తమ ఫోనుతో పరిమితి మేరకు చెల్లించే యూపీఐ సర్కిల్ అనే ఏర్పాటు 2024లో వచ్చింది గాని, దానికి ఫోను వాడటం బాగా తెలిసిన పెద్దవారు ఇంట్లో ఉండాలి. అందుకని మీకు దానిని సూచించను.

ఆ ఖాతాలో ఎంత వేయాలి, ఎప్పుడు వేయాలి అన్న చోటనే చాలామంది పొరపాటు పడతారు. మన గోదావరి ప్రాంతంలో డబ్బు ధారగా రాదు, ముద్దగా వస్తుంది. కొబ్బరి దింపు దింపినప్పుడు, సార్వా (వానాకాలపు వరి) కోతలప్పుడు, దాళ్వా (రెండో పంట వరి) ధాన్యం అమ్మినప్పుడు, గల్ఫు నుంచి డబ్బు పడినప్పుడు ఇంట్లో నాలుగు రోజులు పండగ; ఆ తరువాత చేబదుళ్లు. పిల్లలు పుట్టినప్పటి నుంచి చూస్తున్నది ఇదే. దాళ్వాలో నీరు చాలనప్పుడు కాలువకు వంతులు పెడతారు. తన వంతు దాటితే మళ్లీ వచ్చేదాకా చేను తడవదని తెలిసిన రైతు, వంతు రోజున రాత్రంతా గట్టు మీదే ఉంటాడు. డబ్బుకు వంతు పెట్టడం అనే పనిని మనం ఇంట్లో చూపించం.

కాబట్టి వాడి ఖర్చు డబ్బు మొదట వారం వారం ఇవ్వండి, ఆరు వారాలు సవ్యంగా నడిస్తే పదిహేను రోజులకు ఒకసారి, ఆ పైన నెలకు ఒకసారి. అందులో ఏమేమి ఉంటాయో ముందే రాసుకోండి: బస్సు ఛార్జీ, మధ్యాహ్నం టిఫిను, ఫోను రీఛార్జి, క్షవరం, స్నేహితుల పుట్టినరోజులు. కాలేజీ ఫీజు, మందులు, ఇంటి సరుకులు అందులోకి రాకూడదు. గురువారానికే డబ్బు అయిపోతే సోమవారం దాకా ఇవ్వకూడదు. మీలాంటి అమ్మమ్మలకు ఇది చాలా కష్టమని నాకు తెలుసు, బియ్యం డబ్బాలో దాచిన నోటు ఎప్పుడు బయటికి వస్తుందో మనవళ్లకు బాగా తెలుసు. బస్సు ఛార్జీకి లేకపోతే మాత్రం అప్పుగా ఇచ్చి, వచ్చే వారంలో పట్టుకోండి.

ఇంటి బిల్లులు కట్టే పని వాడి చేతిలోంచి తీసివేయవద్దు. కట్టే సమయంలో పిన్ను మీరే కొట్టండి, ప్రతి ఆదివారం ఒక నోటుబుక్కులో వాడు పద్దు రాసి మీకు చదివి వినిపించాలి. చదువురాని అమ్మమ్మకు లెక్క చదివి వినిపించడం కన్నా మంచి శిక్షణ ఏ కాలేజీలోనూ దొరకదు, ఎందుకంటే మీకు ప్రతి వస్తువు ధర తెలుసు.

ప్రశ్న: మా అమ్మాయికి పదమూడేళ్లు. గిన్నెలు కడిగితే పది, తమ్ముణ్ణి చదివిస్తే ఇరవై అని ధర పెట్టాం. ఇప్పుడు మంచినీళ్లు అడిగినా "ఎంతిస్తావు" అంటోంది. మానేయాలా?
— ఒక తల్లి, మండపేట

జవాబు: మానేయండి. ఇంటి పని ఇంట్లో ఉన్నందుకు చేసేది. దానికి మీకూ ఎవరూ కూలి ఇవ్వడం లేదని ఆమెకు చెప్పండి. బయటివారికి డబ్బిచ్చి చేయించుకునే పనిని ఆమె చేస్తే మాత్రం ఆ కూలి ఆమెకే ఇవ్వవచ్చు. ఇస్త్రీ ఒక ఉదాహరణ. ధరల పట్టిక తీసివేసిన రోజునే వారపు ఖర్చు డబ్బు మొదలుపెట్టకపోతే, మీరు జీతం ఎగ్గొట్టారని ఆమె అనుకునే ప్రమాదం ఉంది.

ప్రశ్న: మాది భీమవరం పక్కన. మావారు ఏటా సంక్రాంతికి కోడిపందేలు కాస్తారు. మా వాడికి పదిహేనేళ్లు. మొన్న పండక్కి బరి దగ్గర గుండాటలో రెండు వందలు కాశాడని తెలిసి నవ్వుకున్నాం. ఇప్పుడు చూస్తే, సైకిలు కోసం దాచుకున్న డబ్బు, మేనత్త పెట్టిన డబ్బు కలిపి నాలుగు వేల రెండు వందలు ఫోనులో క్రికెట్ పందేలకు పోగొట్టాడు. మావారు కొట్టబోతే వాడు, "నువ్వు కాయవా?" అన్నాడు. "పండగ పందెం వేరు, ఫోను పందెం వేరు" అన్నారు ఆయన. నిజంగా వేరా?
— ఒక గృహిణి

జవాబు: ఒక్క విషయంలో వేరు. పండగ పందేనికి భోగి, సంక్రాంతి, కనుమ అని మూడు రోజుల గడువు ఉంటుంది. ఫోనులో కనుమ రాదు. అర్ధరాత్రి రెండు గంటలకు ఏ దేశంలో ఏ జట్టు ఆడుతున్నా పందెం కాయమని అడుగుతూనే ఉంటుంది. మిగతా విషయాల్లో రెండూ ఒకటే. చట్టం కూడా రెండింటినీ ఒప్పుకోదు. కోడిపందేలకు 1974 నాటి రాష్ట్ర జూద నిరోధక చట్టం, 1960 నాటి జంతు హింస నివారణ చట్టం అడ్డు. ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ వంటి ఆటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. అయినా ఏదో ఒక దొంగదారిన ఆ యాప్‌లు పిల్లల ఫోన్లలోకి వస్తూనే ఉన్నాయి. ఇప్పుడు అవి ఎవరి చేతిలో ఉన్నాయో తెలియదు కనుక, పోయిన డబ్బు తిరిగి అడగడానికి కూడా దిక్కు ఉండదు.

మీ వాడు అడిగిన ప్రశ్నకు మీవారే జవాబు చెప్పాలి, చేత్తో కాదు, నోటితో. మన వైపు పందెం కాసేవారిలో ఒక అలవాటు ఉంది: గెలిచిన సంగతి ఊరంతా చెబుతారు, ఓడిన సంగతి భార్యకు కూడా చెప్పరు. గెలిచిన ఏడాది ఇంటికి వచ్చిన ఫ్రిజ్జు పిల్లవాడికి గుర్తుంటుంది, ఓడిన ఏడాది ఎవరి దగ్గర బదులు తెచ్చారో తెలియదు. గత అయిదు సంక్రాంతుల్లో ఎంత కాశారు, ఎంత వచ్చింది, ఎంత పోయింది అన్నది మీవారు ఒక కాగితం మీద వాడి ఎదుట రాయగలిగితే చాలు. గుండాట బల్ల వేసినవాడు ఏ పండగ తరువాతనైనా దివాలా తీసి కనిపించాడా అని కూడా వాడినే అడగమనండి.

పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలని మనకు ఒక సామెత ఉంది. ఉంగరం పోతే అది మంచి సలహా. పందెంలో ఆ ఒక్క మాటే కొంపలు ముంచుతోంది. మీ వాడి నాలుగు వేలు ఒక్క రోజులో పోయి ఉండవు. మొదటి అయిదు వందలు పోయాక, వాటిని రాబట్టడానికే మిగతావి పోయి ఉంటాయి. ఆ ఖాతాలోని తేదీలు చూస్తే మీకే తెలుస్తుంది. సైకిలు డబ్బు మీరు పూరించవద్దు. సైకిలు ఒక సంవత్సరం ఆలస్యంగా రానివ్వండి. అయితే మీవారు వచ్చే సంక్రాంతికి బరి వైపు వెళితే మాత్రం, నేను పైన రాసినదంతా చింపి పారేయవచ్చు.

ప్రశ్న: నాకు పదిహేడేళ్లు. పాలిటెక్నిక్ చదువుతున్నాను. మా ఊరి అన్నయ్య ఒకతను నా బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ము కొన్నాళ్లు వాడుకుంటానని, నెలకు మూడు వేలు ఇస్తానని అన్నాడు. రెండు నెలలు ఇచ్చాడు. ఖాతాలోకి డబ్బు వచ్చి వెంటనే పోయేది. ఇప్పుడు ఖాతా నిలిపివేసినట్టు బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. అన్నయ్య ఫోను ఎత్తడం లేదు. నాన్నకు చెబితే చంపేస్తారు. ఏం చేయాలి?
— పేరు వద్దు, తణుకు ప్రాంతం

జవాబు: బాబూ, ఈ పత్రిక నీ చేతికి అందేదాకా నువ్వు ఆగి ఉండకూడదనే ఆశతో రాస్తున్నాను. ఈ రాత్రే నాన్నకు చెప్పు. నోటితో చెప్పలేకపోతే ఈ పేజీ మడిచి ఆయన ముందు పెట్టు.

నీ ఖాతాలోకి వచ్చి పోయిన డబ్బు ఎక్కడో ఎవరినో మోసం చేసి లాగినది అయి ఉండడానికే అవకాశం ఎక్కువ. మోసగాళ్లు తమ పేర ఖాతా పెట్టుకోరు. నీలాంటి వాళ్ల ఖాతాలను అద్దెకు తీసుకుంటారు. మోసపోయిన వ్యక్తి సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరు 1930కి ఫోను చేసినప్పుడు, ఆ డబ్బు ఏ ఖాతాకు వెళ్లిందో వెతుక్కుంటూ వస్తే మొదట దొరికేది నీ పేరు. రేపు ఉదయం నాన్నతో కలిసి బ్యాంకు శాఖకు వెళ్లి, ఏ తేదీన ఎవరికి కార్డు ఇచ్చావో రాతపూర్వకంగా ఇవ్వు, ఆ కాగితం నకలు మీద బ్యాంకు ముద్ర వేయించుకో. సిమ్మును ఆపించు. ఆ అన్నయ్యతో జరిపిన సంభాషణలు ఒక్కటి కూడా చెరిపివేయవద్దు. తరువాత, వీలైతే ఒక న్యాయవాదిని కలిసి, పోలీసు స్టేషనుకు మీరే వెళ్లండి. పిలిపించుకుని వెళ్లడానికీ మనంతట మనం వెళ్లడానికీ చాలా తేడా ఉంది. 18 ఏళ్లు నిండనివారి విషయాన్ని 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం చూస్తారు కనుక, అంతా అయిపోయిందని బెంబేలు పడవద్దు. నీకు వచ్చిన ఆరు వేల సంగతి కూడా దాచకుండా చెప్పు.

ఆ తండ్రిగారికి ఒక మాట. చెప్పిన రాత్రి ముందు వాడికి అన్నం పెట్టండి. పిల్లలు ఇలాంటివి చెప్పకపోవడం వల్లనే ఆ అన్నయ్యలకు నెలలు గడుస్తున్నాయి. నేను బ్యాంకు కౌంటరులో ముప్పయి ఏళ్లు కూర్చున్నాను. డబ్బు పోయిందని ఏడ్చినవారిలో సగం మంది, మొదటి రోజున ఇంట్లో చెప్పలేక ఆగిపోయినవారే.

ప్రశ్న: ఆకివీడు ప్రాంతంలో మూడెకరాల చెరువు కౌలుకు చేస్తున్నాను. 2025లో అమెరికా సుంకాలు పెంచాక వనామీ రొయ్యల ధర పడిపోయి, మేత షాపులో అప్పు నిలిచిపోయింది. మా అమ్మాయికి పదహారేళ్లు, చదువులో చురుకైనది. ఇరవై నాలుగు వేల ఫోను కావాలంటోంది. "డబ్బు లేకపోతే ఈఎంఐలో తీసుకుందాం నాన్నా, పన్నెండు నెలలు, నెలకు రెండు వేల రెండు వందలే, పది శాతమే వడ్డీ" అంటోంది. అప్పుల సంగతి చెబితే చదువు పాడవుతుందని నా భయం. పిల్లలకు అప్పులు చెప్పవచ్చా?
— ఒక ఆక్వా రైతు

జవాబు: చెప్పవచ్చు. మీరు ఫోనులో గొంతు తగ్గించి మాట్లాడుతున్నప్పుడు, మేత షాపు గుమాస్తా ఇంటికి వచ్చి వీధిలోనే నిలబడి వెళ్లినప్పుడు ఆమెకు ఎంతో కొంత అర్థమయ్యే ఉంటుంది. తెలియని అప్పు పిల్లల ఊహలో అసలు కన్నా పెద్దదిగా ఉంటుంది. ఎవరికి ఎంత బాకీ, ఏ పంటకు ఎంత తీరుస్తారు అన్నంతవరకు చెప్పండి. రాత్రి మీకు నిద్ర పట్టని సంగతి మాత్రం ఆమెకు అవసరం లేదు.

మా నాన్నగారు మాకు అప్పులు చెప్పేవారు కాదు, కాని పెరట్లో బావి దగ్గరి రెండు కొబ్బరి చెట్లు నావి అనేవారు. దింపు రోజున ఆ రెండు చెట్ల కాయలు విడిగా కుప్ప పోయించి, దింపు కూలి, ఒలుపు కూలి తీసివేయగా మిగిలింది నా చేతిలో పెట్టేవారు. నోటుబుక్కులు, పెన్నులు, సిరా అందులోంచే కొనుక్కోవాలి. ఒక ఏడాది తుపానుకు అందులో ఒక చెట్టు మొవ్వు విరిగిపోయింది. మా నాన్నగారు ఇంకో చెట్టు ఇస్తారని ఎదురుచూశాను. ఆయన ఇవ్వలేదు, ఆ మాటే ఎత్తలేదు. ఆ సంవత్సరం నోటుబుక్కులో అట్టల లోపలి వైపు కూడా లెక్కలు చేశాను.

ఇక మీ అమ్మాయి ఈఎంఐ. ఇది ఆమెతో కలిసి కాగితం మీద చేయండి, చురుకైన పిల్ల గనుక ఆసక్తిగా చేస్తుంది. నెలకు 2,200 చొప్పున 12 నెలలకు 26,400 అవుతుంది. అసలు 24,000 పోగా అదనం 2,400. ఆమె లెక్క ప్రకారం పది శాతమే. కాని 24,000 ఆమె దగ్గర సంవత్సరమంతా ఉండదు. మొదటి నెల నుంచే అసలు తగ్గుతూ వస్తుంది, ఆఖరి నెలకు రెండు వేల చిల్లరే మిగులుతుంది. తగ్గిన అసలు మీద నెలనెలా వడ్డీ కట్టి చూస్తే అది నూటికి రూపాయిన్నర వడ్డీ, అంటే సంవత్సరానికి 18 శాతం. మన ఊళ్లలో రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతమని, పది వేలకు నెలకు రెండు వందలని ఆమె చేత వేయించండి. మేత షాపు అరువు మీద మీరు కడుతున్నది ఎంతో కూడా అప్పుడే చెప్పండి. అరువుకు తెచ్చిన మేతకూ రొక్కానికి తెచ్చిన మేతకూ బస్తాకు ఎంత తేడా ఉందో చూపిస్తే, వడ్డీ అని పేరు పెట్టని వడ్డీ కూడా ఉంటుందని ఆమెకు తెలుస్తుంది.

ఇంకొక విషయం. 18 ఏళ్లు నిండనివారు చేసే ఒప్పందం 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం చెల్లదు, కాబట్టి ఆ ఈఎంఐ మీ పేరునే ఉంటుంది. ఒక వాయిదా తప్పితే అది పడేది మీ రుణ చరిత్ర మీద, రేపు చెరువుకు బ్యాంకు రుణం అడిగినప్పుడు అడ్డు వచ్చేది మీకు. ఆమెకు ఈ సంగతి తెలిసి ఉండదు. తన పేరున అప్పు చేసి తనే తీరుస్తాననుకుంటోంది.

పొదుపు గురించి కూడా అడుగుతారు గనుక రాస్తున్నాను. పోస్టాఫీసులో నెలకు 100 రూపాయల నుంచి రికరింగ్ డిపాజిట్ కట్టవచ్చు, గడువు అయిదేళ్లు, పదేళ్లు దాటిన పిల్లలు తమ పేరునే తెరుచుకోవచ్చు. ఫోను కోసం అయితే అంత దూరం అక్కరలేదు, మామూలు పొదుపు ఖాతా చాలు. ఊళ్లో పాడే చీటీల్లో మాత్రం పిల్లల డబ్బు వేయవద్దు.

వచ్చే రొయ్యల పట్టుబడి రోజున కాలేజీకి సెలవు పెట్టించి అయినా ఆమెను చెరువు గట్టుకు తీసుకువెళ్లండి. కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు) ఎంత పడింది, కాటా చీటీ మీద ఎన్ని కిలోలు, కొనుగోలుదారు ఎంత ధర కట్టాడు అన్నది ఆమె చేతే రాయించండి. సాయంత్రం ఆ పుస్తకంలోనే కౌలు, సీడు (రొయ్య పిల్లలు), మేత, కరెంటు, మందులు, కూలీలు వరుసగా తీసివేస్తూ రండి. ఆఖరి వరుసలో ఎంత మిగిలిందో, అసలు మిగిలిందో లేదో ఆమె రాశాక, ఫోను సంగతి మీరు ఎత్తవద్దు. ఆమె ఎత్తితే, ఎన్ని నెలలు ఆగగలదో, తన ఖర్చు డబ్బులోంచి నెలకు ఎంత వేయగలదో అడగండి. ఆమె చెప్పిన అంకెను అదే పేజీలో, ఆమె చేతిరాతతోనే రాయించి ఉంచండి.